పిట్ట వాలని ఉసిరి

మా కాలనీలో పొద్దున్నే నడిచేవాళ్ళ సంఘం ఒకటుంది. పోయిన చలికాలం వాళ్ళు నా ఫోనుకి ఒక ఆహ్వానం పంపించారు. ఆదివారం ఆరింటికల్లా ఫిల్మ్ నగర్ వెనకాల గుట్ట కింద అందరూ కలవాలి, కలిసి పైకి ఎక్కాలి, పైన ఒక ఉసిరి మొక్క నాటాలి, ఇడ్లీలు తిని కాఫీ తాగి దిగాలి. దాని కింద ఒక పాత ఫోటో వేశారు. పెద్ద ఉసిరి చెట్టు, దాని ముందు పాతిక ముప్ఫై మంది, కొంగులు భుజాల చుట్టూ కప్పుకున్న ఆడవాళ్ళు, మఫ్లర్లు చుట్టుకున్న మగవాళ్ళు, ముందు వరసలో నేల మీద పిల్లలు. "ఒకప్పుడు మన గుట్ట ఇలా ఉండేది. నూరేళ్ళ ఉసిరి చెట్టు నీడలో కార్తీక వనభోజనాలు జరిగేవి. ఆ పచ్చదనాన్ని మళ్ళీ తెచ్చుకుందాం" అని రాశారు. ఆ ఫోటో తీసిన నాటికి ఆ చెట్టు వయసు తొమ్మిది రోజులు. అది ఇనప చువ్వలు, గోనె పట్టా, ప్లాస్టరు. దాన్ని చేసింది మా నాన్న వెంకటరత్నం.

ఆ ఫోటో కాపీ ఒకటి నా దగ్గర కూడా ఉంది. మా అమ్మ పోయాక ఆమె ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతలో దొరికింది. అందులో చెట్టు మొదలుకి ఎడమ పక్కన నాలుగు వేళ్ళు కనిపిస్తాయి. మా నాన్నవి. ఫోటో తీసే సమయానికి కట్టిన కొమ్మ ఒకటి వాలిపోతుంటే ఆయన వెనకాల నిలబడి ఒక చేత్తో కొమ్మనీ, రెండో చేత్తో మొదలునీ పట్టుకున్నాడు. ఆ ఫోటోలో ఆయన ఉన్నది ఆ నాలుగు వేళ్ళ మేరకే. సంఘం వాళ్ళ ఫోటోలో ఆ వేళ్ళు లేవు. కళ్ళజోడు తుడుచుకుని చూశాను, ఫోను వెలుగు పెంచి చూశాను. లేవు. కార్యదర్శి నవీన్‌కి ఫోన్ చేశాను. రహమత్ నగర్‌లో పుట్టి పెరిగిన పిల్లవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా అపార్ట్‌మెంట్లోనే ఉంటాడు. లిఫ్టు గురించీ చెత్తబండి గురించీ పక్కింటి జనరేటర్ పొగ గురించీ నేను రాసిన ఉత్తరాలన్నీ అతని చేతి మీదుగానే వెళ్ళాయి కాబట్టి నా ఫోనంటే కొంచెం జంకుతాడు.

"ఆ చెట్టు మీద వేళ్ళుండాలి నాయనా, ఏమయ్యాయి?"

"ఏం వేళ్ళు మేడమ్?"

"మనిషి వేళ్ళు. నాలుగు."

"అదా మేడమ్! బూజు మరక అనుకున్నం. పాత ఫోటో గదా, డిజైనర్ క్లీన్ చేసిండు. ఏమన్న ప్రాబ్లమా?"

"ఫోటో మీకెవరిచ్చారు?"

"శకుంతల మేడమ్ ఇచ్చిండ్రు. జూబ్లీహిల్స్‌ల ఉంటరు. వాళ్ళ ఫాదర్ పాత ప్రొడక్షన్ మేనేజర్ అంట గదా. ఆమెనే మన చీఫ్ గెస్ట్."

నాకు జరిగిన అవమానాలు దేన్నీ నేను మరిచిపోలేదు. అన్నీ ఒక పుస్తకంలో రాసుకుంటానని మా చెల్లెలి పిల్లలు ఎగతాళి చేస్తారు. పుస్తకం మతిమరుపు ఉన్నవాళ్ళకి కావాలి. వాటన్నిటిలోకీ పెద్ద అవమానం ఆ చెట్టు కిందే జరిగింది. అంతమంది ముందు మా నాన్నని మోసగాడన్నారు. అన్నది ఈ శకుంతల తండ్రి, సుబ్బారాయుడు గారు. ఆయన పోయారు, ఆయన భార్య పోయింది, మా నాన్నా అమ్మా పోయారు. ఆ రోజు సంగతి తెలిసినవాళ్ళలో నేనెరిగినంతవరకూ మిగిలింది మేమిద్దరమే. ఆ చెట్టు ఎవరు చేశారో, ఎవరు చెయ్యమంటే చేశారో అదే గుట్ట మీద, మనుషులు వింటుండగా, శకుంతల నోటితోనే చెప్పించాలనుకున్నాను. మోకాళ్ళ డాక్టరు మెట్లెక్కవద్దని చెప్పి నెల కాలేదు. అయినా వస్తానని పేరిచ్చాను.

మా నాన్న సినిమా సెట్టింగుల్లో మోల్డింగ్ మేస్త్రి. తెర మీద కనిపించే రాతి స్తంభాలూ విగ్రహాలూ కోటగోడలూ ప్లాస్టరుతో పోసే పని. కంపెనీలు ఒక్కొక్కటీ మద్రాసు వదిలి హైదరాబాదు వస్తున్న రోజుల్లో మేమూ వాటి వెనకాలే వచ్చాం. యూసుఫ్‌గూడ పక్కన కృష్ణానగర్‌లో రెండు గదులు, ముందొక రేకుల వసారా. వసారా అంతా నాన్నదే. జిగురు ఉడికే వాసన, తడిసిన గోనె వాసన, వాటి మీద అమ్మ వేసే సాంబ్రాణి వాసన. సాంబ్రాణి ఎప్పుడూ ఓడిపోయేది. ప్లాస్టరు బస్తాల మీద కూర్చుని చదువుకునేదాన్ని, లేచేసరికి పావడా వెనక తెల్లగా ఉండేది. బళ్ళో నన్ను సున్నం సరోజ అనేవాళ్ళు. అన్నవాళ్ళ పేర్లు ఇప్పుడడిగినా వరసగా చెప్పగలను. నాన్న పనికి వెళ్ళే ముందు చేతులకి మోచేతుల దాకా కొబ్బరినూనె రాసుకునేవాడు, ప్లాస్టరు పట్టెయ్యకుండా. సాయంత్రం వచ్చాక అమ్మ గోరువెచ్చటి నీళ్ళు పెట్టి, చింతపండు పిప్పితో ఆయన గోళ్ళు తోమేది. ఎంత తోమినా చివర్లు తెల్లగానే ఉండేవి. దారిలో ఏ చెట్టు కనిపించినా బెరడు మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడేవాడు, డాక్టరు రోగి నాడి చూసినట్టు. పక్కన నేనుంటే నా చెయ్యి కూడా పట్టుకుని ఆనించేవాడు. "చూడు అమ్మలూ, ఇది వేప. కళ్ళు మూసుకుని చెప్పు, ఇందాకటిదానికీ దీనికీ ఏంటి తేడా?" నేను ఎప్పుడూ తప్పే చెప్పేదాన్ని, ఆయన ఎప్పుడూ నవ్వేవాడు.

సుబ్బారాయుడు గారు ప్రొడక్షన్ మేనేజరు. ఎవరిని పనికి పిలవాలి, ఎవరింటికి వ్యాను పంపాలి, సెట్లో ఎవరికి ఏ టిఫిన్ పెట్టాలి అన్నది ఆయన చేతిలోనే ఉండేది. ఆయన భార్య కామేశ్వరమ్మ గారికి నియమాలెక్కువ. కార్తీకమాసంలో ఒక ఆదివారం ఉసిరి చెట్టు కింద వండుకుని తినాలి, తినకపోతే ఆ ఏడాది ఇంటికి మంచిది కాదని ఆమె నమ్మకం. మద్రాసు నుంచి వచ్చిన మా జనమంతా ఆమె వెంట గుట్ట ఎక్కేవాళ్ళం. అప్పుడక్కడ ఇళ్ళు లేవు. సీతాఫలం పొదలు, తుమ్మలు, మోదుగలు, మధ్య మధ్య ఏనుగుల్లాంటి బండలు. తెల్లవారి మంచులో పొదలన్నీ తడిసి ఉండేవి, నడుస్తుంటే పావడా అంచులు తడిసి కాళ్ళకి అంటుకునేవి. నోట్లోంచి పొగలొస్తుంటే పిల్లలం సిగరెట్లు కాలుస్తున్నట్టు నటించేవాళ్ళం. గుట్ట కింద గుడిసెలో ఉండే మల్లయ్య దారి చూపిస్తూ ముందు నడిచేవాడు. సీతాఫలాలు ఏరి టోలిచౌకిలో అమ్ముకోవడం అతని బతుకుతెరువు. మేం కొండ అంటే నవ్వేవాడు. "కొండ గాదమ్మా, గుట్ట. గిదే కొండైతే మీరు ఎక్కుతుంటిరా?" పైన, బండల మధ్య చదునులో, గుట్ట మొత్తానికి ఒకే ఒక ఉసిరి చెట్టు ఉండేది.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా ఆ గుట్ట మీద ఏదో సినిమాకి పాట తీశారు. ఉసిరి చెట్టు కెమెరాకి అడ్డం వచ్చింది. సుబ్బారాయుడు గారు కొట్టెయ్యమన్నారు, మా నాన్న కొట్టేశాడు. ఇది నేను దాచను. కొట్టే ముందు ఆ బెరడుకి అచ్చు తీసుకున్నాడు. ఎందుకని అమ్మ అడిగితే "ఏమో, ఎప్పుడైనా పనికొస్తుంది" అన్నాడు. కార్తీకం వస్తోందన్న సంగతి అప్పుడు ఎవరికీ తట్టలేదు. దీపావళి వెళ్ళిన మూడో రోజున సుబ్బారాయుడు గారు మా వసారాకి వచ్చారు. ఆయన మా ఇంటికి రావడం అదే మొదలు. బస్తా మీద కూర్చోబోయి, పంచె చూసుకుని, నిలబడే మాట్లాడారు.

"కొంప మునిగిందయ్యా వెంకటరత్నం. ఆవిడ వచ్చే ఆదివారం కాక పై ఆదివారం అంటోంది. చెట్టు సంగతి ఆవిడకి చెప్పలేదు."

"చెప్పెయ్యండి సార్."

"ఎలా చెప్పను? ఉసిరి చెట్టు కొట్టించానని తెలిస్తే అన్నం మానేసి కూర్చుంటుంది. నువ్వే ఏదో ఒకటి చెయ్యి. కోటలే కట్టావు, ఒక చెట్టు నీకెంత? ఒక్క పూట నిలబడితే చాలు."

నాన్న చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. "దానికి పూజ చేస్తారు కదండీ" అన్నాడు చివరికి.

"చెయ్యనీ. గుళ్ళో విగ్రహం మాత్రం? అదీ ఎవడో మేస్త్రి చేసిందేగా!" అని నవ్వి, "మూడో మనిషికి తెలియకూడదు సుమా" అని వెళ్ళిపోయారు. అమ్మ గుమ్మం పక్కనే ఉంది, నేను బస్తా మీద ఉన్నాను. మేం ఆయన లెక్కలో మనుషులం కాదు. "దేవుడితో మనకెందుకండీ" అంది అమ్మ. "అడిగింది మేనేజరు గారే" అన్నాడు నాన్న.

అంతకన్నా శ్రద్ధగా నాన్న ఏ పనీ చెయ్యగా నేను చూడలేదు. చువ్వలు వంచి, గోనె చుట్టి, తీసి ఉంచిన అచ్చుతో బెరడు పోశాడు. నరికిన చెట్టు చర్మమే మళ్ళీ లేచి వచ్చింది. ఆయిల్ రంగు వెయ్యలేదు, అది ఎండలో మెరుస్తుంది, చెట్టు మెరవదు అన్నాడు. జిగురులో కలిపిన పొడి రంగు నాలుగు పూతలు వేశాడు. ముక్కలుగా పైకి చేర్చి, పాత మోడులోనే చువ్వలు దిగ్గొట్టి నిలబెట్టారు. ఎక్కడివో నిజం ఉసిరి కొమ్మలు కాయలతో సహా తెచ్చి తీగతో కట్టారు. చివరి సాయంత్రం నేను కూడా వెళ్ళి చూశాను. మల్లయ్య చుట్టూ తిరిగి చూసి, "మస్తు చేసినవ్ మేస్త్రీ. గని ఒక్క పిట్ట వాలుతలేదు సూడు" అన్నాడు. "వాళ్ళు పిట్టల్ని చూడరులే మల్లయ్యా" అన్నాడు నాన్న. తర్వాత నన్ను పక్కకి పిలిచి, వంటింట్లోంచి తెచ్చిన ఇత్తడి పళ్ళెం చేతికిచ్చాడు. సెట్లో పనులకి అలవాటుపడ్డ చెయ్యి ఆయనది. కెమెరా చెట్టుకి నీళ్ళు పొయ్యదు. పొడి రంగు తడిస్తే పోతుందన్న సంగతి రంగులన్నీ వేశాకే గుర్తొచ్చింది. "ఆడవాళ్ళు ప్రదక్షిణాలు చేసి నీళ్ళు పోస్తారు అమ్మలూ. నువ్వు మొదట్లో కూర్చుని పళ్ళెం పట్టు. నీళ్ళన్నీ పళ్ళెంలోనే పడాలి. అడిగితే తీర్థం కోసమని చెప్పు" అన్నాడు.

ఆ ఆదివారం చలి ఎక్కువగా ఉంది. నేను నీలం స్వెట్టరు వేసుకున్నాను. అది అంతకు ముందు ఏడాది కామేశ్వరమ్మ గారు మా అమ్మకి ఇచ్చింది. గుట్ట సగం ఎక్కాక శకుంతల, నాకన్నా మూడేళ్ళు పెద్దది, పిల్లలందరి మధ్యా నా ముందుకొచ్చి బొత్తాం పట్టుకుంది. "ఇది నాదే! చూడండే, ఊడిపోతే నేనే ఎర్రదారంతో కుట్టాను, అలాగే ఉంది." అందరూ వంగి ఆ ఎర్రదారం చూశారు. ఒకమ్మాయి నవ్వింది. నేను స్వెట్టరు విప్పి సీతాఫలం పొద మీద పడేసి పైకి నడిచాను. మిగతా గుట్టంతా పళ్ళు కొరుక్కుంటూ ఎక్కాను. పైకి చేరాక విస్తళ్ళు వేసే చోటు చూపిస్తూ కామేశ్వరమ్మ గారు, "సరోజా, మీరు కిందివైపు కూర్చోండమ్మా, పనివాళ్ళ వరసలో" అన్నారు. ఆమె గొంతులో ఏ చెడ్డా లేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. ఫోటో తీశారు. దీపాలు పెట్టారు. కామేశ్వరమ్మ గారు ప్రదక్షిణాలు చేసి చెంబుతో నీళ్ళు పోశారు, ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. నీళ్ళు పళ్ళెంలో పడలేదు. మొదలు మీద పడ్డాయి.

ముందు గోధుమరంగు నీళ్ళు కారాయి. మట్టి అనుకున్నారు. తర్వాత బెరడు మీద ఒక చార తెల్లబడింది, చూస్తుండగానే వెడల్పయింది. కామేశ్వరమ్మ గారు పసుపు పెట్టబోయిన వేలు అక్కడే ఆపి, గోటితో గీశారు. తెల్లటి పొడి రాలింది. "ఇదేంటిది?" అన్నారు, ఎవరితోనూ కాకుండా. నాన్న చెట్టు వెనక నుంచి ఇవతలికి వచ్చాడు. సుబ్బారాయుడు గారు అందరికన్నా ముందు అరిచారు. "ఏంటయ్యా వెంకటరత్నం ఇది? చెట్టు కొట్టేసి బొమ్మని నిలబెడతావా? దేవుడి దగ్గర కూడా సెట్టింగేనా? మోసం చెయ్యడానికి మేమే దొరికామా నీకు?" నాన్న ఆయన మొహంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడో చెప్పలేను. తర్వాత కామేశ్వరమ్మ గారి వైపు తిరిగి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. అంతే. ఆ పూట ఎవరూ తినలేదు. పులిహోర గుండిగలూ కందబచ్చలి కూరా గోంగూర పచ్చడీ ఎలా ఎక్కినవి అలాగే దిగాయి. ఆ పులిహోర వాసన దారి పొడుగునా నాతో పాటు దిగింది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో నా విస్తట్లో పులిహోర వెయ్యనివ్వను.

మర్నాటి నుంచి కంపెనీ వ్యాను మా వీధిలో ఆగలేదు. అది వచ్చేది, హారన్ కొట్టకుండా వెళ్ళిపోయేది. నాన్న కొబ్బరినూనె రాసుకుని కూర్చునేవాడు. నెలరోజులకి నూనె రాసుకోవడం మానేశాడు. తర్వాత జూబ్లీహిల్స్‌లో కొత్తగా లేస్తున్న ఇళ్ళలో పైకప్పులకి ప్లాస్టరు పువ్వులు అంటించే పనికి కుదిరాడు. మెడ వెనక్కి వంచి రోజంతా, దుమ్ము కళ్ళలోకీ గొంతులోకీ. ఆ దుమ్ముతో పట్టుకున్న దగ్గే ఆయన్ని తీసుకుపోయింది. ఆ వీధుల్లో వెళ్తున్నప్పుడు ఇప్పటికీ కిటికీల్లోంచి పైకప్పులు చూస్తాను. చాలా ఇళ్ళు కొట్టేసి మళ్ళీ కట్టారు. కొన్నిటిలో ఇంకా ఉండొచ్చు, నన్ను లోపలికి రానిచ్చేదెవరు?

పోయిన చలికాలం ఆదివారం గుట్ట కిందకి నలభై మంది దాకా వచ్చారు. గుట్ట సగమే ఉంది. మిగతా సగాన్ని మూడు వైపులా తవ్వి ఇళ్ళు కట్టేశారు. మల్లయ్య గుడిసె ఉన్నచోట కారు షెడ్డు. సీతాఫలం పొదలు లేవు, వాటి చోట ఏదో ముళ్ళచెట్టు అల్లుకుపోయింది, అందులో ప్లాస్టిక్ సంచులు చిక్కుకుని ఊగుతున్నాయి. పైకి సిమెంటు మెట్లు వేశారు. ఒక మెట్టు ఎత్తు, ఒక మెట్టు పొట్టి, వేసినవాడు ఎవడో వాడి మీద కూడా నేనొక ఉత్తరం రాశాను, జవాబు లేదు. "జర మెల్లగ మేడమ్, ఫికర్ లేదు, టైముంది" అని నవీన్ నా వెనకాలే వచ్చాడు. సగం దారిలో ఒక బండ మీద శకుంతల కూర్చుని ఉంది. చేతికర్ర, పల్చబడ్డ జుట్టు, ఖరీదైన శాలువా. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

"సరోజవి కదూ? మొండి సరోజవి. రా, ఇలా కూర్చో." నవీన్‌ని ముందుకి వెళ్ళమంది. "వణికిపోతున్నావే, ఈ శాలువా కప్పుకో."

"నాకు చలి లేదు" అన్నాను. ఉంది. సంచీలోంచి ఫోటో తీసి ఆమె ఒళ్ళో పెట్టాను. "మీ నకల్లో వేళ్ళు చెరిపేశారు."

ఆమె ఫోటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. "నేనిచ్చినప్పుడు ఉన్నాయే. మీ నాన్నగారివి కదూ?" అంది. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళు కాచుకున్నానో! కానీ అది అంత తేలిగ్గా వచ్చేసరికి ఏం చెయ్యాలో తెలియలేదు.

"చెయ్యమన్నది ఎవరో తెలుసా నీకు?"

"నాన్నే. ఆ సాయంత్రమే అమ్మ అడిగింది, ఆయన ఒప్పుకున్నారు. మీ నాన్నగారిని పిలిచి మాట్లాడమని అమ్మ ఎన్నిసార్లు పోరిందో! ఆయనకి మొహం చెల్లలేదు. మొహం చెల్లకే మళ్ళీ పని కూడా ఇవ్వలేదు."

"అయితే ఇప్పుడు చెప్పు. పైన మైకుంది, జనం ఉన్నారు. మా నాన్న మోసగాడు కాదని చెప్పు."

"చెప్తానే. అందుకేగా ఈ వయసులో ఇంత దూరం ఎక్కాను. కానీ చెప్తే మొత్తం చెప్పాలిగా." ఆమె ఫోటో నా చేతికిస్తూ గొంతు తగ్గించింది. "పళ్ళెం సంగతి కూడా."

నేను ఫోటో సంచీలో పెట్టుకున్నాను.

"నేను నీ ఎదురుగానే నిలబడి ఉన్నాను సరోజా. అమ్మ చెంబు ఎత్తింది. నువ్వు అమ్మ మొహంలోకి చూసి పళ్ళెం ఒళ్ళోకి లాక్కున్నావు. ఎందుకు లాక్కున్నావో అప్పుడర్థం కాలేదు, రంగు కరిగాక అయింది. ఎవరికీ చెప్పలేదు, మా అమ్మకి కూడా. ఆ ఎర్రదారం మాట నేననకపోతే నువ్వాపని చేసేదానివి కాదు. ఇన్నాళ్ళూ ఆ తప్పు నాదే అనుకుంటున్నాను."

ఇంతవరకూ ఇందులో ఆ సంగతి నేను రాయలేదు. నీళ్ళు పళ్ళెంలో పడలేదని మాత్రం రాశాను. అలా రాయడం నాకు అలవాటైపోయింది. నేను పళ్ళెం లాక్కున్నది నిజం. రంగు పోతుందని నాకు తెలుసు. ఆ తెల్లటిది బయటపడితే సుబ్బారాయుడు గారి పరువు పోతుందనీ, కామేశ్వరమ్మ గారు ఏడుస్తారనీ, శకుంతల తల దించుకుంటుందనీ అనుకున్నాను. పోయేది ఎవరి పరువో పన్నెండేళ్ళ బుర్రకి తట్టలేదు. గుట్ట దిగుతున్నప్పుడు నాన్న నా పక్కనే నడిచాడు. పొద మీది స్వెట్టరు తీసి దులిపి నా భుజాల మీద కప్పాడు. చాలా దూరం వచ్చాక అడిగాడు, "పళ్ళెం జారిందా అమ్మలూ?" "జారింది నాన్నా" అన్నాను. "నువ్వు కూర్చున్న రాయి వాలుగా ఉందిలే. నేనే చూసుకోవాల్సింది" అన్నాడు. తర్వాత బతికినన్నాళ్ళూ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఆయన నమ్మాడో నమ్మలేదో నాకు తెలియదు. ఎవరెవరు నన్నేమన్నారో అన్నీ గుర్తుపెట్టుకున్నదాన్ని, ఆయన ఆ మాటన్నప్పుడు మొహం ఎలా పెట్టాడో చూడలేదు. నేల చూపులు చూస్తూ దిగాను.

పైన చదునులో, సరిగ్గా ఆ బండల మధ్యనే, గుంట తవ్వి ఉంచారు. పాత మోడు ఆనవాలు లేదు. దాని వెనక ఆ ఫోటోని మనిషెత్తు బ్యానరు చేసి కట్టారు. అంత పెద్దదిగా చూస్తే బెరడులో ఒక్కొక్క గీతా తెలుస్తోంది. ఎడమ పక్కన వేళ్ళున్నచోట కూడా బెరడు గీతలే గీసి పూడ్చేశారు. ఒకాయన దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకుంటూ, "ఇట్లాంటి చెట్లు ఇప్పుడెక్కడండీ" అన్నాడు. నవీన్ మైకులో శకుంతలని పిలిచాడు. ఆమె లేచి, కర్ర మీద బరువానించి, మాట మొదలుపెట్టకుండా నా వైపు చూసింది. చెప్పనా అని అడుగుతోంది. నేను ఒక్కసారి తల ఊపితే చాలు. మా నాన్న పేరు ఆ గుట్ట మీద వినపడుతుంది. దాని వెంటే నా పేరు.

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె ఇంకో క్షణం ఆగింది, నేను మనసు మార్చుకుంటానేమోనని. తర్వాత, "చాలా పెద్ద చెట్టండీ. మా అమ్మకి ప్రాణం. దాని కింద కూర్చుంటే ఎండ తెలిసేది కాదు" అంది. చప్పట్లు కొట్టారు. మొక్కని గుంటలో పెట్టి, పక్కన ఇనప చువ్వ దిగ్గొట్టి దారంతో కట్టారు. నవీన్ ప్లాస్టిక్ మగ్గు నా చేతికిచ్చాడు. "మీరు సీనియర్ గదా మేడమ్, ఫస్ట్ మీరే పొయ్యాలె. మొదట్ల పొయ్యుండ్రి." పోశాను. మట్టి నల్లబడింది, నీళ్ళు ఇంకిపోయాయి. నేను వంగి అలాగే చూస్తూ ఉండిపోయాను. "ఏం చూస్తున్నరు మేడమ్?" అన్నాడు. ఏం లేదన్నాను. ఇడ్లీ తినకుండా దిగిపోయాను. శకుంతల పిలిచింది, వినపడనట్టు దిగాను.

శకుంతల మొన్న వేసవిలో పోయింది. పేపర్లో చిన్న ఫోటో చూసి తెలుసుకున్నాను, వెళ్ళలేదు. ఇప్పుడు పళ్ళెం సంగతి తెలిసినవాళ్ళు నేను కాక ఎవరూ లేరు, అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నాను. ఆమె బతికుండగా రాసి ఉంటే దానికేమైనా విలువ ఉండేది. పోయిన వారం నవీన్ లిఫ్టు దగ్గర కనిపించాడు. గుట్ట మీద నాటిన మొక్క ఎండిపోయిందట, నీళ్ళు పోసే దిక్కు లేక. చువ్వ ఒక్కటే నిలబడి ఉందట.

"మీరు ఒక కంప్లెయింట్ రాయుండ్రి మేడమ్. మీ లెటర్ అంటే పనైతది."

"ఎవరి మీద రాయను నాయనా?" అన్నాను.

లిఫ్టు వచ్చింది.